పాతతరం బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో డ్రిఫ్టింగ్

మలుపులో కారు చక్రాలు పట్టు సడలి పక్కకు జారుతుండగా, ఆ జారుడును స్టీరింగు, యాక్సిలరేటరుల సాయంతో అదుపులో ఉంచుతూ కారును నడపడాన్ని డ్రిఫ్టింగ్ అంటారు. ఎంజీబీ (1962-1980), ఆస్టిన్-హీలీ 3000 (1959-1967), ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (1962-1980) వంటి కార్లలో ఇంజను ముందు ఉండి, దాని శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. టైర్లు సన్ననివి కావడం వలన నేటి కార్లకంటే తక్కువ వేగంలోనే ఇవి జారతాయి. జారుడును సరిదిద్దే ఎలక్ట్రానిక్ పరికరాలేవీ వీటిలో లేవు. ముందు చక్రాలతో నడిచే మినీకి ఈ పద్ధతులు వర్తించవు.

నేపథ్యం

1950లలో హువాన్ మాన్యుయెల్ ఫాంజియో, స్టిర్లింగ్ మాస్ వంటి రేసు చోదకులు నాలుగు చక్రాలనూ కొద్దిగా జార్చుతూ మలుపులు దాటేవారు. మాస్ చెల్లెలు పాట్ మాస్, ఆన్ విజ్డమ్‌తో కలిసి 1960లో లియేజ్-రోమ్-లియేజ్ ర్యాలీని ఆస్టిన్-హీలీ 3000 కారులో గెలిచింది. పొగలు చిమ్ముతూ సాగే జపాను తరహా డ్రిఫ్టింగ్ ఆ తరువాతి కాలానిది.

పద్ధతి

ఈ కార్లలో డ్రిఫ్ట్‌కు మూలం ఇంజను బలం కన్నా బరువు మార్పిడి అని చెప్పాలి. మలుపు ముందు బ్రేకు వేసినా, మలుపులో యాక్సిలరేటరు నుండి కాలు కొంచెం తీసినా బరువు ముందుకు మళ్ళి, వెనుక చక్రాలు తేలికపడి జారడం మొదలవుతుంది. వెంటనే వెనుకభాగం జారుతున్న దిశకే స్టీరింగు తిప్పి, యాక్సిలరేటరును నిదానంగా నొక్కాలి. పట్టు తిరిగి దొరుకుతున్న క్షణంలో స్టీరింగును నేరుగా తేవాలి. ఆలస్యమైతే కారు ఎదురు దిక్కుకు విసురుగా తిరుగుతుంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

కేవలం యాక్సిలరేటరు తొక్కి డ్రిఫ్ట్ చేయడం తడి నేలపై తప్ప కష్టం. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న కారులో, మలుపు లోపలివైపు చక్రం తేలికపడి ఊరికే తిరుగుతూ శక్తిని వృథా చేస్తుంది.

స్పిట్‌ఫైర్ విషయంలో జాగ్రత్త

ఎంజీబీ వెనుక ఒకే గట్టి ఇరుసు, లారీలకు ఉండేటటువంటి కమాను కట్టలు ఉంటాయి. కనుక దాని జారుడు చాలావరకు ముందే తెలుస్తుంది. తొలి స్పిట్‌ఫైర్‌ల సంగతి వేరు. వాటి వెనుక ఇరుసు రెండు ముక్కలుగా, డిఫరెన్షియల్ వద్ద కీలుపై ఊగుతుంది. వేగంగా మలుపు తిరుగుతూ ఒక్కసారిగా యాక్సిలరేటరు వదిలితే కారు వెనుకభాగం పైకి లేచి, బయటివైపు చక్రం కిందికి మడతపడుతుంది. పట్టు హఠాత్తుగా పోయి కారు గిర్రున తిరగవచ్చు, పల్టీ కొట్టనూవచ్చు. అంటే ఎంజీబీని మలుపులోకి తిప్పే పనే ఇక్కడ ప్రాణాంతకం. అందుచేత వీటిలో బ్రేకు పని మలుపుకు ముందే ముగించి, మలుపు అంతటా యాక్సిలరేటరును నిలకడగా పట్టి ఉంచాలి. 1970లో వచ్చిన మార్క్ 4 నమూనాలో స్ప్రింగు అమరికను మార్చి ఈ లోపాన్ని చాలావరకు తగ్గించారు. (1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు కూడా ఊగే ఇరుసే ఉండేది.)

సన్నాహాలు

అందంగా కనిపించే తీగచక్రాల ఊచలు పక్కబలానికి వదులవుతాయి, విరుగుతాయి కూడా. సాధనకు ముందు ఒక్కో ఊచనూ పరీక్షించాలి. పైకప్పు లేని కార్లకు రోల్ బార్ తప్పనిసరిగా అమర్చుకోవాలి. సాధన రహదారులపై కాక, ఇందుకోసం నీటితో తడిపి ఉంచే ప్రత్యేక మైదానాలలో, శిక్షకుని పర్యవేక్షణలో మొదలుపెట్టాలి. తడి నేలపై జారుడు తక్కువ వేగంలోనే వస్తుంది, టైర్లూ త్వరగా అరగవు.