కోడిపిల్ల ముడుచుకుందా? ముందు వెచ్చదనం.. ఆ తర్వాతే మందు

హోసూరు: తల్లి వెంట పరుగెత్తాల్సిన కోడిపిల్ల గంప మూలన రెక్కలు వేలాడేసి నిలబడితే ఇంటి ఇల్లాలి ప్రాణం ఉసూరుమంటుంది. పిల్ల ధర కంటే మందు సీసా ధరే ఎక్కువ. వదిలేద్దామంటే మిగతా వాటికీ అంటుకుంటుందేమోనని భయం. డెంకణికోట, తళి వైపు నాటుకోళ్లు పెంచే మనవాళ్లకు ఈ బెంగ కొత్త కాదు. పెద్దగా ఖర్చు లేకుండానే ఇంట్లో కొంత చేయొచ్చు.

ముందు పిల్లను వేరు చేయండి. అట్టపెట్టెలో ఊక పరిచి, ఒక మూలన పాతరకం 40 వాట్ల బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బుకు వేడి చాలదు. మొదటి వారం పిల్లకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. థర్మామీటరు అక్కర్లేదు. పిల్ల బల్బు కిందికే దూరితే చలి, నోరు తెరిచి దూరంగా పోతే వేడి ఎక్కువైనట్టు. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. హోసూరు చలికి ముడుచుకున్న పిల్ల దీంతోనే తేరుకోవచ్చు.

లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర, చిటికెడే ఉప్పు కలిపి ఒక్కరోజు ఇవ్వండి. ఉప్పు మించితే పిల్లకు విషమే. గొంతులో పోయొద్దు, ముక్కు కొస తడిపితే అదే మింగుతుంది. ఉడికిన పచ్చసొన నలిపి రాగిపిండితో పెట్టొచ్చు. వెనక రెట్ట అంటుకుని ఉంటే తడిగుడ్డతో నానబెట్టి తుడవాలి, పీకకూడదు.

అసలు చిక్కు పేర్లతోనే. రాణిఖేత్ జబ్బును తమిళంలో 'వెళ్లై కళిచ్చల్' అంటారు, అంటే తెల్ల విరేచనం. మనకది కొక్కెర తెగులు. మన 'తెల్ల పారుడు' మాత్రం వేరే.. అది గుడ్డు ద్వారా తల్లి నుంచి వచ్చే బాక్టీరియా జబ్బు. ఆస్పత్రిలో పేరు చెప్తే ఒకటనుకుని ఇంకోదానికి మందిచ్చే ప్రమాదం ఉంది. అందుకే పేరొద్దు, లక్షణాలు చెప్పండి. మెడ తిప్పుతోందా, రెట్ట ఆకుపచ్చగా ఉందా, ఆయాసపడుతోందా అన్నది ముఖ్యం. రెట్టలో రక్తం ఉంటే రక్తపారుడు కావచ్చు. తడిసిన ఊక మార్చి, ఆంప్రోలియం ఎంత కలపాలో డాక్టరునే అడగండి.

కొక్కెర తెగులుకు మందు లేదు, యాంటీబయాటిక్ కొనడం డబ్బు దండగ. మొదటి వారంలో కంట్లో వేసే లసోటా చుక్కే రక్షణ. ఒక్క సీసా వంద పిల్లలకు సరిపోతుంది, కలిపాక నిల్వ ఉండదు. కాబట్టి వీధిలో నలుగురూ కలిసి తెచ్చుకోవడం మేలు. ప్రభుత్వ ఉచిత టీకా శిబిరాలు సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటాయి. ఒకేసారి చాలా కోళ్లు చనిపోతే మాత్రం వాటిని ముట్టుకోకుండా, కూర వండకుండా వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి.