కటకం కొనబోయే ముందు కొన్ని లెక్కలు

అమెరికాలోని తెలుగు ఇళ్ళకు వేసవి వచ్చిందంటే స్వదేశం నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు వస్తారు. ఆరు నెలలు తిరిగేలోగా తిరుగు ప్రయాణమవుతారు. వారు చెప్పే పేదరాశి పెద్దమ్మ కథలు, పాడే మంగళహారతులు, ఊరి ముచ్చట్లు మనుమల కోసం భద్రపరచాలన్న తలంపుతో కటకాలు మార్చుకొనే వీలున్న కెమెరాను కొనే కుటుంబాలు అనేకం. పగటివేళ పెరటిలో తీసిన వీడియో ముచ్చటగానే ఉంటుంది. రాత్రి భోజనాలైన తరువాత సోఫాలో కూర్చుని బామ్మ చెప్పిన కథ మాత్రం మసకబారి, ఇసుక చల్లినట్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. వచ్చే ఏడు ఆమె మళ్ళీ రాగలరో లేదో ఎవరు చెప్పగలరు?

ఈ లోపానికి కారణం చాలాసార్లు కెమెరా కాదు, దానితోపాటే పెట్టెలో వచ్చిన జూమ్ కటకం. పరిమితమైన సొమ్ముతో మరొక కటకాన్ని ఎన్నుకోవలసి వచ్చినప్పుడు ఏది చూడాలి? దూరాన్ని దగ్గర చేసే శక్తి కన్నా వెలుతురును లోనికి రానిచ్చే శక్తి ముఖ్యం. ఎందుకో చూద్దాం.

వీడియోకు వెలుతురు కరువు

నడినెత్తి ఎండలో కాంతి తీవ్రత సుమారు లక్ష లక్స్. రాత్రి దీపాల వెలుగులో ఇంటి గదిలో ఉండేది నూరు లక్స్, ఒక్కొక్కప్పుడు అంతకన్నా తక్కువ. వెయ్యి రెట్ల ఈ తేడాను మానవ నేత్రం సర్దుకొనిపోతుంది గనుక మనకు తెలియదు. కెమెరాకు ఆ సౌకర్యం లేదు.

నిశ్చల చిత్రం తీసేవారు కెమెరాను ముక్కాలి పీటపై నిలిపి షట్టర్‌ను అర సెకను తెరిచి ఉంచవచ్చు. వీడియోలో సెకనుకు 30 చిత్రాలు తీయాలి. కదలిక సహజంగా కనిపించాలంటే ఒక్కొక్క చిత్రానికి సెకనులో 60వ వంతు కాలమే దక్కుతుంది. కాలాన్ని పెంచే దారి మూసుకుపోయింది కనుక మిగిలినవి రెండే. మొదటిది ఐ.ఎస్.ఓ. పెంచి సంకేతాన్ని విద్యుత్పరంగా హెచ్చించడం. రెండవది కటకద్వారాన్ని విశాలం చేయడం.

మొదటి పద్ధతిలోని ఇబ్బందిని వానతో పోల్చవచ్చు. పలుచని తుంపరలో వరుసగా పేర్చిన గిన్నెలలో ఒకదానిలో మూడు చినుకులు పడితే పక్కదానిలో ఆరు పడతాయి. కుంభవృష్టిలో అన్నీ ఇంచుమించు సమంగా నిండుతాయి. సెన్సర్ మీది లక్షలాది బిందువులు అటువంటి గిన్నెలే. కాంతి కణాలు కొద్దిగా పడినప్పుడు కలిగిన హెచ్చుతగ్గులను ఎంత హెచ్చించినా అవి హెచ్చుతగ్గులుగానే పెరుగుతాయి. తెరపై కనిపించే ఇసుక ప్రధానంగా ఇదే.

రెండవ పద్ధతిని కొలిచేది కటకంపై ముద్రించి ఉండే ఎఫ్-సంఖ్య. నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. కెమెరాతో వచ్చే జూమ్ కటకాలలో అనేకం 50 మి.మీ. వద్ద ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతాయి. అంటే ద్వారం వ్యాసం సుమారు 9 మి.మీ. అదే నాభ్యంతరం గల ఎఫ్/1.8 కటకంలో వ్యాసం సుమారు 28 మి.మీ. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక లోనికి వచ్చే కాంతి దాదాపు పది రెట్లు. ఐ.ఎస్.ఓ. 6400 అవసరమైన గదిలో 640 సరిపోతుంది.

చౌక కటకం వెనుక రసాయనం

ఇంత విశాలమైన కటకం చౌకగా ఎలా దొరుకుతుంది? ఒంటి గాజు కటకంలో రంగులన్నీ ఒకే చోట కేంద్రీకృతం కావు. అంచుల నుంచి వచ్చే కిరణాలు మధ్యనుంచి వచ్చే వాటితో కలవవు. ద్వారం పెద్దదయ్యే కొద్దీ ఈ దోషాలు ప్రబలుతాయి. వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ 1840లో గణితం ఆధారంగా రూపొందించిన కటకం, నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసిన బాధను చాలావరకు తప్పించింది. అయితే ఆనాటి గాజులు ప్రధానంగా క్రౌన్, ఫ్లింట్ అనే రెండు జాతులవే. వక్రీభవనం పెరిగితే రంగుల విక్షేపణం కూడా వెంట పెరిగేది.

ఆ ముడిని విప్పినవాడు రసాయన శాస్త్రవేత్త ఆటో షాట్. ఎర్నెస్ట్ అబ్బే, కార్ల్ జైస్‌లతో కలిసి 1884లో జర్మనీలోని యేనాలో గాజు ప్రయోగశాలను నెలకొల్పి, బోరాన్, ఫాస్ఫరస్, బేరియం ఆక్సైడుల వంటివి కలిపి కొత్త గాజులను తయారు చేశాడు. అటువంటి గాజుల అండతో జైస్ సంస్థకు చెందిన పాల్ రుడాల్ఫ్ 1896లో ప్లానార్ కటకాన్ని రూపొందించాడు. ఆరు గాజు బిళ్ళలు ద్వారానికి ఇరువైపులా ఇంచుమించు సౌష్ఠవంగా అమరిన నిర్మాణమది.

దానికొక కొరత మిగిలింది. గాలి, గాజు కలిసే ప్రతి తలం వద్ద సుమారు 4 శాతం కాంతి పరావర్తనం చెందుతుంది. అటువంటి తలాలు ఎనిమిది ఉంటే నాలుగవ వంతుకు పైగా కాంతి దారిలోనే పోతుంది. దారి తప్పిన ఆ కాంతి ప్రతిబింబాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. జైస్ సంస్థలోనే ఒలెక్సాండర్ స్మకులా 1935లో దీనికి విరుగుడు కనుగొన్నాడు. గాజుపై మెగ్నీషియం ఫ్లోరైడు వంటి పదార్థాన్ని మిల్లీమీటరులో పదివేలవ వంతు మందాన పూస్తే, పూత పైతలం నుంచి, అడుగుతలం నుంచి వెనుదిరిగే తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. కటకంలో కనిపించే ఊదారంగు మెరుపు ఆ పూతదే.

నేటి 50 మి.మీ. ఎఫ్/1.8 కటకాలలో అనేకం ఆ ప్లానార్ వంశానివే. 2020లో కెనాన్ విడుదల చేసిన కటకంలో ఉన్నవి ఆరు బిళ్ళలే. బరువు 160 గ్రాములు, తొలి ధర 200 డాలర్లు. జూమ్‌లోని కదిలే భాగాలు లేకపోవడమే ఈ చౌకకు ముఖ్య కారణం.

ముప్పైఅయిదా, యాభయ్యా?

చిత్రంలో పట్టే వెడల్పుకు లెక్క తేలిక. సెన్సర్ వెడల్పును నాభ్యంతరంతో భాగించి, దూరంతో గుణించాలి. సుమారు 24 మి.మీ. వెడల్పు గల చిన్న సెన్సర్‌పై 50 మి.మీ. కటకం, మూడు మీటర్ల దూరంలో మీటరున్నర లోపే చూపుతుంది. బామ్మ పడుతుంది, పక్కన చేరిన మనుమరాలు పడదు. 35 మి.మీ. కటకమైతే రెండు మీటర్లు పడుతుంది. 36 మి.మీ. పెద్ద సెన్సర్‌పై అదే పని 50 మి.మీ. కటకం చేస్తుంది. కనుక చిన్న సెన్సర్‌కు 35, పెద్ద సెన్సర్‌కు 50 అన్నది మంచి నియమం. కొన్ని కెమెరాలు వీడియోలో సెన్సర్ అంచులను వదిలివేస్తాయి కాబట్టి, కొనే ముందు పాత జూమ్‌ను ఆ నాభ్యంతరం వద్ద నిలిపి వారం రోజులు వాడి చూడటం ఖర్చులేని పరీక్ష.

ఆడిటోరియం వెనుక వరుస నుంచి కూచిపూడి అరంగేట్రం తీయాలంటే ఇవి చాలవు. ఇరవై మీటర్ల దూరం నుంచి ఒక్క నర్తకినే చూపాలంటే చిన్న సెన్సర్‌పై కూడా 200 మి.మీ. కావాలి. అయితే రంగస్థలంపై దీపాలు ధారాళంగా ఉంటాయి గనుక అక్కడ చౌక టెలిజూమ్ నెగ్గుకు వస్తుంది. అటువంటిది ఒక రోజుకు అద్దెకు తెచ్చుకున్నా సరిపోతుంది.

పాత కటకాలు, కొత్త జాగ్రత్తలు

వాడిన పాత కటకాలను అడాప్టర్ సాయంతో బిగించుకోవచ్చు. ఫోకస్‌ను చేతితో తిప్పుకోవాలి కనుక కదలకుండా కూర్చున్నవారికి అవి నప్పుతాయి, పరుగెత్తే పిల్లలకు నప్పవు. వక్రీభవనం పెంచడానికి థోరియం ఆక్సైడు కలిపిన గాజును 1940ల నుంచి 1970ల వరకు కొన్ని కటకాలలో వాడారు. థోరియం రేడియోధార్మికత వలన ఆ గాజు క్రమేణా పసుపెక్కుతుంది. కొన్నాళ్ళు అతినీలలోహిత కాంతి తగిలితే ఆ రంగు చాలావరకు విరుగుతుంది. అటువంటి కటకాన్ని పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వరాదు, విప్పి గాజును అరగదీయరాదు.

అంతకన్నా పెద్ద శత్రువు బూజు. కటకాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూస్తే సాలెగూడు వంటి పోగులు కనిపిస్తాయి. బూజు స్రవించే ఆమ్లాలు పూతను, చివరకు గాజునే తినివేస్తాయి. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాలకు వానకాలంలో వెళ్ళేవారు సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోవడం శ్రేయస్కరం.

మరొక జాగ్రత్త. అమెరికాలో విద్యుత్ ప్రవాహం సెకనుకు 60 ఆవృత్తులు, భారతదేశంలో 50. కొన్ని దీపాలు దానికి రెట్టింపు వేగంతో మిణుకుతాయి. అమెరికాలో షట్టర్ వేగం 60వ వంతు సరిపోగా, హైదరాబాదు పెళ్ళిపందిరిలో దానిని 50వ వంతుకు మార్చాలి. లేకుంటే చిత్రంపై నల్లని పట్టీలు పాకుతాయి.

ద్వారం విశాలమైతే స్పష్టత లోతు తగ్గుతుంది. చిన్న సెన్సర్‌పై 35 మి.మీ. కటకాన్ని ఎఫ్/1.8 వద్ద వాడితే, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా కనిపించే లోతు జానెడుకు కాస్త ఎక్కువ. ఇద్దరు ముందువెనుకలుగా కూర్చుంటే ఎఫ్/4కు తగ్గించి, మరొక దీపం వెలిగించాలి.

చివరగా, కేటాయించిన సొమ్మంతా గాజుకే వెచ్చించకుండా చిన్న మైక్రోఫోనుకు కొంత మిగుల్చుకోవాలి. బామ్మ ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా, మాట వినబడకపోతే కథ మనుమలకు చేరదు. కటకాన్ని తెప్పించేందుకు మంచి కాలం కూడా ఆమె వచ్చిన మొదటి వారమే. ప్రయాణం ముందటి రాత్రి దాకా వాయిదా వేస్తే, కటకం వాడుక నేర్చుకొనేలోగా విమానం వేళవుతుంది.