పొమ్మన్నా ఆగని ప్రయాణం!

చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగుతూ, ‘ఈసారి కూడా ఇంటర్వ్యూ కాల్ రాలేదురా’ అని ఫ్రెండ్‌తో అంటున్నారా? అయితే వందేళ్ల కిందట ఇదే హైదరాబాద్‌లో ఉన్నదంతా పోగొట్టుకున్న ఓ కళాకారుడి గురించి తెలుసుకోండి. ఆయన పేరు ధీరేంద్రనాథ్ గంగూలీ.

1893లో కలకత్తాలో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, నిజాం ఆర్ట్ కాలేజీలో హెడ్‌మాస్టర్‌గా చేరారు. స్థిరమైన ఉద్యోగం. అయినా ఊరుకోలేదు. రకరకాల మేకప్‌లతో, వేషాలతో తన ఫొటోలు తానే తీసుకుని 1915లో ఓ పుస్తకం వేశారు. మనం ఇప్పుడు పోర్ట్‌ఫోలియో అంటామే, అలాంటిదే! అదే ఆయనకు సినిమా వాళ్ల తలుపులు తెరిచింది. 1921లో వచ్చిన మూకీ కామెడీ ‘బిలాత్ ఫేరత్’కు కథ రాసి, హీరోగా నటించారు.

తర్వాత మళ్లీ హైదరాబాద్ వచ్చారు. నిజాం ప్రోత్సాహంతో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి, వరసగా మూకీలు తీశారు. అంతా బాగుందనుకునేలోపు 1924లో ‘రజియా బేగం’ వచ్చింది. ముస్లిం రాణి, హిందూ యువకుడి ప్రేమకథ అది. నిజాంకు కోపం వచ్చింది. రాజ్యం వదిలి పొమ్మన్నారు. కంపెనీ, థియేటర్లు అన్నీ ఇక్కడే ఉండిపోయాయి.

మీరైతే ఏం చేసేవారు? ఆయన కలకత్తా వెళ్లి మళ్లీ మొదలుపెట్టారు. 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ స్థాపించారు. తర్వాత పెద్ద దర్శకుడైన దేవకీ బోస్ సినిమాల్లోకి వచ్చింది అక్కడే. టాకీలు రావడంతో ఆ కంపెనీ కూడా నిలవలేదు. అప్పుడు ‘నేనే ఓనర్‌ని’ అని భీష్మించుకోకుండా న్యూ థియేటర్స్‌లో చేరి పనిచేశారు. 1974లో పద్మభూషణ్, 1975కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వరించాయి.

రాజు ఆదరణ ఒక్క ఆర్డర్‌తో పోయింది. కానీ నటన, మేకప్, కథ, దర్శకత్వం.. చేతిలో ఉన్న ఈ పనులు ఆయన వెంటే రైలెక్కాయి. ఈ రోజు మీ రెజ్యూమె ఓసారి తీసి చూడండి. కంపెనీ పేర్లు, కాలేజీ పేర్లు కొట్టేస్తే అందులో మీకు వచ్చిన పని ఎంత మిగులుతుంది? తక్కువే అనిపిస్తే కంగారొద్దు. గంగూలీలాగే ఓ చిన్న పోర్ట్‌ఫోలియోతో మొదలుపెట్టండి. కెమెరా మీ జేబులోనే ఉందిగా!