చేయి తిరిగితేనే స్పెషలిస్టు

పశువైద్యంలో ప్రత్యేక శిక్షణ కోరే విద్యార్థులు సర్టిఫికెట్ల వెంట పడుతున్నారు. కానీ బయోడేటాకు బలమిచ్చేది కేసుల పుస్తకం. అది నేర్చుకోవడానికి సూరత్ పరిసరాలకు మించిన తరగతి గది అరుదు

సూరత్ అంటే ఇవాళ వజ్రాలు, చీరలు. రెండున్నర శతాబ్దాల కిందట ఐరోపా యాత్రికులను నివ్వెరపరచింది మాత్రం ఇక్కడి జంతువుల ఆస్పత్రి. 1772 నాటి వర్ణన ప్రకారం ఎత్తయిన ప్రహరీ మధ్య ఆ ఆవరణలో గుర్రాలు, ఎద్దులు, మేకలు, కోతులు, పావురాలు ఉండేవి. 75 ఏళ్లుగా అక్కడే కాలం గడుపుతున్న ఓ ముసలి తాబేలూ ఉండేది. ఎలుకలకు, నల్లులకు సైతం ప్రత్యేకంగా ఓ వార్డు ఉందని రాసుకున్నారు.

ఆ నగరానికి దక్షిణాన, రైల్లో గంటలోపు చేరుకునే నవసారిలో 2008 నుంచి పశువైద్య కళాశాల నడుస్తోంది. ప్రస్తుతం అది కామధేను విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది. దేశంలోని పశువైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లను వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నీట్ ర్యాంకుల ఆధారంగా భర్తీ చేస్తుంది. కాబట్టి కరీంనగర్ విద్యార్థి నవసారిలో, గుజరాతీ విద్యార్థి తిరుపతిలో చదువుకునే వీలుంది. సూరత్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల పిల్లలకైతే ఇది ఇంటి పక్క కళాశాలే.

లింబాయత్ ప్రాంతంలో మరమగ్గం మీద బతికే అలాంటి ఓ ఇంటి నుంచి వచ్చిన విద్యార్థినిని ఊహించుకుంటే సమస్య అర్థమవుతుంది. బి.వి.ఎస్సీ. పూర్తి కావడానికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఆపైన ఎం.వి.ఎస్సీ.కి మరో రెండేళ్లు. పట్టా చేతికి రాగానే ఉద్యోగంలో చేరితే ఇంటికి ఆసరా. సర్జరీలోనో, గైనకాలజీలోనో స్పెషలైజేషన్ చేస్తానంటే ఆ ఆసరా కోసం ఇల్లు ఇంకా ఎదురుచూడాలి. అలాంటప్పుడు బయోడేటా కోసం వెచ్చించే ప్రతి రూపాయికీ, ప్రతి నెలకూ లెక్క ఉండాలి. డబ్బు కట్టి రెండు రోజుల వర్క్‌షాపు సర్టిఫికెట్లు పోగేసుకోవడం ఆ లెక్కలో నిలవదు.

మూడు గుమ్మాలు, మూడు తాళాలు
అన్నిచోట్లా ఒకే బయోడేటా పనిచేస్తుందనుకోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు. ఎం.వి.ఎస్సీ. సీటు దగ్గర నిర్ణాయకం పరీక్షే. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) ప్రవేశ పరీక్షలో ర్యాంకు వస్తే ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ మొదలు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల దాకా దారులు తెరుచుకుంటాయి. రాకపోతే ఇరవై సర్టిఫికెట్లున్నా ఉపయోగం లేదు. దరఖాస్తు నాడే సబ్జెక్టు గ్రూపును ఎంచుకోవాలి. కాబట్టి వైద్యమా, పశుపోషణ శాస్త్రాలా అన్నది ముందే తేల్చుకోవాలి. డిగ్రీలో మార్కుల సగటు తక్కువైతే తర్వాత ఎక్కడ దరఖాస్తు చేసినా ఆ లోటు కనిపిస్తూనే ఉంటుంది.

రెండో గుమ్మం పీహెచ్.డి., బోధన, పరిశోధన. ఇక్కడ థీసిస్, ప్రచురించిన వ్యాసాలు, నెట్ అర్హత ముఖ్యం. మూడోది విదేశాలు. అమెరికాలో స్పెషలిస్టు కావాలంటే మామూలుగా ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ, చివరికి సంబంధిత బోర్డు పరీక్ష ఉంటాయి. అక్కడ ప్రాక్టీసు లైసెన్సు కావాలంటే భారతీయ పట్టాదారులు విద్యార్హతల సమానత్వాన్ని నిరూపించుకుని, నావ్లే పరీక్ష కూడా గట్టెక్కాలి. రెసిడెన్సీ ఎంపికలో మార్కులతో పాటు సిఫార్సు లేఖలకు విలువెక్కువ. విద్యార్థి చేతిపనిని కళ్లారా చూసిన ప్రొఫెసర్ రాసే లేఖ, పేరున్న పెద్దమనిషి మొక్కుబడిగా రాసిచ్చే లేఖ ఒకటి కావు.

ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉపయోగపడేది ఒకటే. చూసిన కేసుల్ని నిజాయితీగా నమోదు చేసుకున్న పుస్తకం. పరీక్షలో అది జ్ఞాపకమవుతుంది. పరిశోధనలో ప్రశ్నవుతుంది. సిఫార్సు లేఖ రాసేవారికి ఆధారమవుతుంది.

గేదె నేర్పే పాఠం
సూరత్ జిల్లా సహకార పాల సంఘం సుముల్ 1951 నుంచి పనిచేస్తోంది. పాడి చుట్టూ అల్లుకున్న ఊళ్లలో గైనకాలజీ విద్యార్థికి పనికి కొదవ ఉండదు. గుజరాత్ గేదె జాతుల్లో ఒకటైన సుర్తీకి పేరు ఈ నగరానిదే. కొడవలి కొమ్ములు, మెడ కింద రెండు తెల్ల పట్టీలు దాని ఆనవాళ్లు. అసలు పుట్టిల్లు మాత్రం ఉత్తరాన మహి, సబర్మతి నదుల మధ్య ప్రాంతం.

గేదెల్లో మూగ ఎద రైతుకు పెద్ద బెడద. పైకి లక్షణాలు కనిపించవు. అదను దాటితే ఈత వెనకబడుతుంది, ఆ మేరకు పాల ఆదాయం పోతుంది. ఈనే సమయంలో గర్భసంచి మెలిపడటం ఇంకా ప్రమాదకరం. గేదెను మెలి ఉన్న వైపే పడుకోబెట్టి, డొక్క మీద చెక్కపలక అదిమిపెట్టి దొర్లిస్తారు. చాలాసార్లు మెలి వీడుతుంది. లేకుంటే కోత తప్పదు.

‘మెలి కేసులు చూశాను’ అని బయోడేటాలో రాస్తే ఎవరూ పట్టించుకోరు. మెలి ఏ వైపు, నొప్పులు మొదలై ఎన్ని గంటలైంది, ఎన్నిసార్లు దొర్లించారు, దూడ బతికిందా, తల్లి మళ్లీ చూలు కట్టిందా అన్న అయిదు విషయాలు పది కేసుల్లో రాసిపెట్టుకుంటే అది గైడును ఆలోచింపజేసే సమాచారం. ఖర్చు ఒక నోటు పుస్తకం.

రెక్కలు తెగే పండుగ
ఏటా జనవరి 14, 15 తేదీల్లో గుజరాత్ ఆకాశమంతా గాలిపటాలే. గాజుపొడి పూసిన మాంజా, నిషేధమున్నా వాడుతున్న నైలాన్ దారం పక్షుల రెక్కల్ని కోసేస్తాయి. 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ‘కరుణా అభియాన్’ పేరిట గాయపడిన పక్షుల చికిత్సకు శిబిరాలు పెడుతోంది. సర్జరీ మీద మోజున్న విద్యార్థికి ఆ రోజులు ఏడాది పాఠంతో సమానం.

అయితే ఇక్కడ మొదట నేర్చుకోవలసింది కుట్లు కాదు. గాయపడ్డ పక్షి ముందు బెదురుతోనూ, చలితోనూ చనిపోతుంది. వెచ్చగా, చీకటిగా ఉన్న పెట్టెలో ఉంచి కాస్త కుదుటపడ్డాకే సూది పట్టాలి. కుట్టిన రెక్క చూడ్డానికి బాగుంటే సరిపోదు, పక్షి మళ్లీ ఎగరాలి. ఎన్నింటికి కట్టు కట్టామన్నది కాక, ఎన్ని తిరిగి ఎగిరాయన్నది రాసుకున్నవాడే సర్జన్ దారిలో ఉన్నట్టు.

నిజాయితీకి పరీక్ష కూడా ఇక్కడే. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టర్డ్ డాక్టర్లదే. విద్యార్థి వారి పర్యవేక్షణలోనే పనిచేయాలి. పక్షిని పట్టుకున్నవారు ‘ఆపరేషన్ చేశాను’ అని రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బండారం బయటపడుతుంది. ‘చూశాను’, ‘సాయం చేశాను’, ‘పర్యవేక్షణలో స్వయంగా చేశాను’ అని మూడు గడులు గీసుకోవడం మేలు. మూడో గడిలో మూడే కేసులున్నా నామోషీ లేదు.

వన్యప్రాణి వైద్యంపై ఆసక్తి ఉన్నవారికి సూరత్ సర్తానా జూ ఉంది. అది నీటికుక్కల సంతానోత్పత్తికి పేరు తెచ్చుకుంది. సెల్ఫీలతో అక్కడ నేర్చుకునేదేమీ ఉండదు. ఆహారం, పేడ పరీక్ష, మత్తు మోతాదుల రికార్డులు చదవడానికి అనుమతి దొరికితే అదే చదువు.

ఎలుక చెప్పిన చేదు నిజం
స్పెషలైజేషన్ అంటే సర్జరీ, మెడిసిన్ మాత్రమేననుకునేవారు 1994 సెప్టెంబరును గుర్తు చేసుకోవాలి. సూరత్‌లో ప్లేగు వార్తతో లక్షల మంది ఊరు విడిచారు. తర్వాత 1995-97 మధ్య మునిసిపల్ కమిషనర్ సూర్యదేవర రామచంద్రరావు హయాంలో నగరం పరిశుభ్రతకు మారుపేరైంది. కానీ జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల బెడద పోలేదు. దక్షిణ గుజరాత్‌లో వానాకాలం వస్తే వరి, చెరకు పొలాల్లో పనిచేసేవారిని లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం వేధిస్తుంది. ఎలుకల మూత్రంతో పాటు పశువుల మూత్రమూ దీన్ని వ్యాపింపజేస్తుంది.

మైక్రోబయాలజీ, పశువైద్య ప్రజారోగ్యం చదివేవారికి ఇంతకన్నా బతికున్న అంశం దొరకదు. సర్జరీతో పోలిస్తే విద్యార్థుల చూపు వీటి మీద పడటం తక్కువే. ఇష్టం ఉండాలేగానీ, నేర్చుకోవడానికి ఇక్కడ చోటు ఎక్కువ.

తెలుగు నేలలోనూ ఇంతే
ఇదంతా సూరత్‌కే పరిమితం కాదు. 1946 నుంచి హైదరాబాద్, 1955 నుంచి తిరుపతి పశువైద్యుల్ని తయారుచేస్తున్నాయి. గోదావరి జిల్లాల కోళ్లఫారాలు, ఒంగోలు ఎడ్లు, తెలంగాణ గొర్రెల మందలు, పట్టణాల్లో కుక్కల క్లినిక్కులు... దేనికదే ఓ స్పెషాలిటీకి బడి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు గుజరాత్‌లోనూ, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్నాయి. ఒక రోజు వాటి వెంట వెళ్లినా పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్నలు కనీసం నాలుగు దొరుకుతాయి.

ఏ ఏడాది ఏం చేయాలి?
* మొదటి రెండేళ్లు: మార్కుల సగటు నిలబెట్టుకోవాలి. అనాటమీ, ఫిజియాలజీ బలంగా ఉంటే తర్వాతి భారం తగ్గుతుంది. కేసుల పుస్తకం మొదలుపెట్టాలి.
* మూడో ఏడు: రెండు మూడు విభాగాల్లో సెలవులు గడిపి ఇష్టాన్ని పరీక్షించుకోవాలి. నచ్చనిది తెలిసినా లాభమే.
* నాలుగో ఏడు: ఒక ప్రొఫెసర్ దగ్గర నిలకడగా పనిచేయాలి. ఒక కేసును వ్యాసంగా రాయాలి. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే పత్రికల జోలికి పోకూడదు.
* ఇంటర్న్‌షిప్: పగలు కేసులు, సాయంత్రం ప్రవేశ పరీక్ష. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదిలితే రెండూ చేజారతాయి.
* బయోడేటా: రెండు పేజీలు చాలు. తేదీ, చోటు, పర్యవేక్షకుల పేరు లేని అనుభవాన్ని రాయకపోవడమే మంచిది.

సూరత్ పాత ఆస్పత్రి వర్ణన చదివితే అక్కడ ఏయే జంతువులుండేవో తెలుస్తుంది. తాబేలు ఎన్నేళ్లుగా ఉంటోందో కూడా తెలుస్తుంది. ఏ జబ్బుకు ఏ మందు వేశారో, ఎన్ని కోలుకున్నాయో మాత్రం తెలియదు. జాలి ఆ ఆస్పత్రిని కట్టింది. జాలికి లెక్క తోడైతేనే అది వైద్యమవుతుంది. లింబాయత్ నుంచి రోజూ రైలెక్కి నవసారి వెళ్లే విద్యార్థిని సంచిలో ఉండవలసింది ఆ లెక్కల పుస్తకమే. దాన్ని తెరిచి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన రోజున బయోడేటా కోసం ప్రత్యేకంగా పాటుపడాల్సిన పనుండదు.