అప్పు తీరినా ఆర్‌సీలో మిగిలే పేరు

ద్రాక్షారామం: కార్తీక సోమవారాల్లో భీమేశ్వరాలయం వద్దకు వచ్చే కార్లకు లెక్కుండదు. పంచారామ దర్శనానికి పొరుగు జిల్లాల నుంచి వచ్చేవి కొన్ని, పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేందుకు తెచ్చే కొత్త బళ్లు కొన్ని. కొబ్బరికాయ కొట్టడం ఎవరూ మరచిపోరు. మరపు వచ్చేది కాగితాల దగ్గరే. బండి ఎవరిది, అప్పు ఎవరిది, బీమా ఎవరి పేరున ఉంది? ఈ మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన వారు తక్కువ.

అప్పు మీద కారు కొంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో యజమాని పేరుతోపాటు అప్పిచ్చిన బ్యాంకు పేరూ ఎక్కుతుంది. తాళం మన చేతిలో ఉన్నా బాకీ తీరేదాకా బండి బ్యాంకుకు తాకట్టులో ఉన్నట్లే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. అది ప్రమాదంలో దెబ్బతిన్న ఎదుటివారికి పరిహారం ఇచ్చేది. మన కారు నుజ్జయితే దాని నుంచి పైసా రాదు. అందుకే బ్యాంకులు ఫుల్ ఇన్సూరెన్సు ఉండాలని రుణ ఒప్పందంలో షరతు పెడతాయి. చట్టం అడగని బీమాను అప్పు అడుగుతుందన్నమాట.

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. సొంత నష్టం బీమా మాత్రం సాధారణంగా ఏడాదికే ముగుస్తుంది. మూడేళ్లకూ కట్టేశాం కదా అని ఊరుకుంటే చిక్కే. రోడ్ల పక్కనే కాలువలున్న ఈ డెల్టాలో రెండో ఏట కారు కాలువలో పడితే బండీ పోతుంది, వాయిదాలూ ఆగవు.

బీమా ఉన్నా, కారు పూర్తిగా పోయినప్పుడు సొమ్ము మొదట వెళ్లేది బ్యాంకుకే. పైగా పాలసీలో బండి విలువ ఏటా తగ్గుతుంది. ఏడాది దాటి రెండేళ్లలోపు కారుకు 20 శాతం, నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు కారుకు 50 శాతం తరుగుదల తీస్తారు. బాకీ 4 లక్షలుండగా పాలసీ విలువ మూడున్నర లక్షలే అయితే, లేని కారుకు మిగతా 50 వేలూ యజమానే కట్టుకోవాలి.

చివరి వాయిదా కట్టగానే పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 రవాణా శాఖకు సమర్పిస్తేనే ఆర్‌సీలో బ్యాంకు పేరు తొలగుతుంది. పాలసీలోనూ దాన్ని తీయించుకోవాలి. లేకుంటే ఎప్పుడో తీరిన అప్పు క్లెయిము నాడు అడ్డం వస్తుంది.

అసలు తంటా అమ్మకాల్లో ఉంది. "మిగతా వాయిదాలు నువ్వు కట్టుకో" అని తాళాలు చేతిలో పెట్టి, తెల్లకాగితంపై సంతకాలతో సరిపెట్టే బేరాలు చాలా. చట్టప్రకారం రాష్ట్రంలోని అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అప్పుంటే బ్యాంకు సమ్మతీ కావాలి. బండి బదిలీతో థర్డ్ పార్టీ బీమా కొన్నవారికి దానంతటదే సంక్రమిస్తుంది. సొంత నష్టం బీమా అలా రాదు, కంపెనీకి దరఖాస్తు పెట్టి మార్పించుకోవాల్సిందేనని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

పేరు మార్చకుండా పలు చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, ఆర్‌సీలో ఎవరి పేరుందో వారే పరిహారం చెల్లించాలని 2018లో అదే కోర్టు తీర్పు చెప్పింది. బండి ఎప్పుడో అమ్మేశానన్న వాదన చెల్లలేదు. పోనీ ఆర్‌సీలో బ్యాంకు పేరూ ఉంది కదా, అదే కడుతుందిలే అనుకోవడానికీ వీల్లేదు. అప్పుపై ఉన్న వాహనానికి దాన్ని స్వాధీనంలో ఉంచుకున్నవారే యజమాని అని 2014 తీర్పు.

పాత కారు కొనేవారు బయానా ఇవ్వకముందే రవాణా శాఖ ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. బీమా గడువు ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్సు పేరు ఇంకా ఉందో లేదో అందులో కనిపిస్తుంది.