ఏది అల్లరి, ఏది నేరం? బడిలో జరిగింది ఎవరికి చెప్పాలి

పిల్లవాడు చొక్కా చిరిగి ఇంటికొచ్చాడు. అడిగితే ‘ఏం లేదు’ అన్నాడు. మర్నాడు బడికి వెళ్తే ‘పిల్లలన్నాక కొట్టుకుంటారు, మేం చూసుకుంటాం’ అన్నారు. చాలామంది తల్లిదండ్రులు ఆ మాటతో వెనక్కి వచ్చేస్తారు. నిజంగా పిల్లల తగాదాయే అయితే రావచ్చు కూడా. కానీ బడి సర్దుబాటు చేయదగినదేదో, పోలీసులకు చెప్పి తీరవలసినదేదో నిర్ణయించేది చట్టం. ఆ హద్దు తెలిస్తే తడలో ఉన్నా, తిరుపతిలో ఉన్నా హెడ్‌మాస్టరు గదిలో ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

మూడు అరలు

బడిలో జరిగేవాటిని మూడు అరల్లో సర్దుకోండి. మొదటిది క్రమశిక్షణ: పుస్తకం చింపడం, క్లాసు ఎగ్గొట్టడం, చిన్నపాటి తోపులాట. ఇవి బడి చూసుకోవచ్చు. అలాగని టీచరు బెత్తం పట్టుకోవడం క్రమశిక్షణ కిందికి రాదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అలా చేసిన టీచరుపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి.

రెండో అర ర్యాగింగ్. దీనికి మన ఆంధ్రప్రదేశ్‌కు 1997 నుంచే సొంత చట్టం ఉంది. అందులో శిక్షలు నిచ్చెన మెట్లలా పెరుగుతాయి. ఏడిపించి అవమానిస్తే 6 నెలల వరకు, కొట్టినా బెదిరించినా ఏడాది వరకు, నిర్బంధించినా గాయపరిచినా 2 ఏళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 5 ఏళ్ల వరకు జైలు. ప్రాణం పోతే శిక్ష ఇంకా పెద్దది. ఫిర్యాదు అందినా కదలని ప్రిన్సిపల్‌ను, నేరానికి తోడ్పడిన మనిషిగానే ఈ చట్టం చూస్తుంది. కాలేజీలకైతే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనలు గడువు కూడా పెట్టాయి: ర్యాగింగ్ నేరం జరిగినట్టు తెలిసిన 24 గంటల్లోగా పోలీసు కేసు పెట్టించాలి. అంటే ఈరోజు మొదటి గంట కొట్టినప్పుడు తెలిస్తే, రేపు మొదటి గంట కొట్టేలోగా.

మూడో అర అన్నిటికన్నా బరువైనది. 18 ఏళ్లు నిండని పిల్లలపై లైంగిక నేరాలను చూసే 2012 నాటి చట్టం, అందరూ పోక్సో అనేది ఇదే. బస్సులో తాకరాని చోట తాకినా, ఫోనులో బూతు బొమ్మలు చూపించినా ఈ అరలోకే వస్తుంది.

బడి ముందు తానే విచారించుకోవచ్చు కదా?

పోక్సో విషయంలో ఆ వెసులుబాటు లేదు. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా, ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. నిజమో కాదో తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. చెప్పకుండా ఉంటే 6 నెలల వరకు జైలు. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే అది ఏడాది వరకు పెరుగుతుంది. ఇలా దాచడం తీవ్రమైన నేరమని సుప్రీంకోర్టు 2022 నవంబరులో, ఒక హాస్టల్ పిల్లల కేసులో గట్టిగా చెప్పింది.

రేపు అది అబద్ధమని తేలితే?

చెప్పిన టీచరుకో, పక్కింటావిడకో భయం అక్కర్లేదు. మంచి మనసుతో చెప్పినవారిపై సివిల్ కేసూ రాదు, క్రిమినల్ కేసూ రాదు. ఈ రక్షణ చట్టంలోనే రాసి ఉంది.

పిల్ల పేరు ఊరంతా పాకదా?

తల్లిదండ్రుల నోరు కట్టేసే భయం ఇదే. పిల్ల పేరు, ఫోటో, ఇల్లు, బంధువులు, చివరికి బడి పేరు కూడా పత్రికల్లో, టీవీల్లో బయటపెట్టకూడదు. పెడితే కనీసం 6 నెలల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పిల్ల స్టేషనుకు వెళ్లనక్కర్లేదు. పోలీసులే ఇంటికొచ్చి, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సైతో వాంగ్మూలం తీసుకోవాలి.

హద్దు అవతల జరిగితే ఏ స్టేషను?

తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ వాళ్లకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. ఇల్లు ఇటు, చదువు అటు. బస్సు ఆరంబాక్కం దాటాక ఏదైనా జరిగితే అది తమిళనాడు. అయినా మీరు తడ స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు: పరిధి చూడకుండా ముందు కేసు రాసుకుని, తర్వాత సరైన స్టేషనుకు పంపడం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం దీన్ని రాతపూర్వకం చేసింది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాలి. స్టేషనుకు వెళ్లే ధైర్యం చాలకపోతే 1098కి ఫోన్ చేయండి. అది పిల్లల సాయం కోసం ఉన్న నంబరు.

మా బడిలో కేసులే లేవంటున్నారు. మంచిదేగా?

ఈ సున్నాను కాస్త ఆగి చూడాలి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగింది. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం మంది చెప్పారు. 40 మంది ఉన్న తరగతి గదిలో లెక్క వేస్తే 21 మంది. ఇవన్నీ బడిలోనే జరిగినవి కావు, కానీ ఆ పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పలేదు. అంటే రిజిస్టరులో సున్నా ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు: ఏమీ జరగకపోవడం, లేదా చెప్పుకునే చోటు లేకపోవడం.

లెక్కించే పద్ధతి కూడా కొంత దాస్తుంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో కొట్టడం, బెదిరించడం, నిర్బంధించడం ఉంటే, జాతీయ నేర రికార్డుల బ్యూరో అన్నిటికన్నా పెద్ద నేరాన్ని మాత్రమే లెక్కలో వేస్తుంది. మూడు జరిగినా అంకె ఒకటే.

అమెరికాలో పిల్లలు చదువుతున్న ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. నేరాల లెక్కను బయటపెట్టే అక్కడి పద్ధతి తెలుసుకోవడం వాళ్లకు పనికొస్తుంది, మనకూ పాఠం. 1986లో లీహై విశ్వవిద్యాలయం హాస్టల్లో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయి హత్యకు గురైంది. అంతకుముందు మూడేళ్లలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని తల్లిదండ్రులకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే పంపేవాళ్లం కాదన్న వాళ్ల పోరాటంతో 1990లో ఒక చట్టం వచ్చింది. అక్కడి కేంద్ర ప్రభుత్వ సాయం తీసుకునే ప్రతి కాలేజీ, విశ్వవిద్యాలయం ఏటా అక్టోబరు 1 నాటికి గత మూడేళ్ల నేరాల లెక్క ప్రచురించాలి. ఆ లెక్కలు సరిగా చెప్పనందుకు 2024లో లిబర్టీ విశ్వవిద్యాలయంపై కోటీ 40 లక్షల డాలర్ల జరిమానా పడింది, సుమారు 116 కోట్ల రూపాయలు. మనకు అలాంటి చట్టం లేదు. అందుకే అడిగే పని తల్లిదండ్రులదే అవుతోంది.

ఏం అడగాలి?

ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో మూడు ప్రశ్నలు వేయండి. ఈ ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి? వాటిలో పోలీసులకు ఎన్ని వెళ్లాయి? ఎన్ని గంటల్లో వెళ్లాయి? పిల్లల పేర్లు అడగొద్దు, అంకెలు చాలు. ‘ఐదు వచ్చాయి, రెండు స్టేషనుకు పంపాం’ అని చెప్పగలిగిన బడిని చూసి బెదిరిపోకండి. అక్కడ ఐదుగురు పిల్లలకు నోరు విప్పే చోటు దొరికింది. తర్వాత ఇంటికెళ్లి, చిరిగిన చొక్కా గురించి పిల్లవాణ్ని ఇంకోసారి, ఈసారి పక్కన కూర్చుని అడగండి.