మానని పుండ్లు – సూక్ష్మజీవుల పాత్ర

అనంతపురం: వర్షాభావ పీఠభూమి అయిన అనంతపురం ప్రాంతంలో వేరుశనగ చేలలోను, రాతినేలలలోను చెప్పులు లేకుండా పనిచేసే కూలీలకు కాలిగాయాలు నిత్యం తగిలేవే. ఆరోగ్యవంతులకు అవి రెండు మూడు వారాల్లో మానుతాయి. మధుమేహం వల్లనో, కుష్ఠు వల్లనో పాదాలలో స్పర్శ నశించిన వారికి మాత్రం అదే గాయం నెలల తరబడి మానక, ఒక్కొక్కప్పుడు కాలు తొలగించవలసిన పరిస్థితి ఏర్పడుతున్నది. ఇందులో సూక్ష్మజీవుల పాత్ర ఎంత అన్న విషయమై విద్యావంతులలో సైతం అపోహలు గలవు.

మానని పుండు ఏదైనా అందులో బ్యాక్టీరియా ఉంటుంది. ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ సోకినట్లు కాదు. గ్రాము కణజాలంలో వీటి సంఖ్య లక్ష దాటితే మానుదల కుంటుపడుతుందన్నది వైద్యులు చాలాకాలంగా పాటిస్తున్న కొలత. అయితే సంఖ్య కంటె వాటి కాపురం తీరు ముఖ్యం. స్టఫిలోకాకస్, సూడోమొనాస్ వంటివి గుంపులుగా చేరి తమ చుట్టూ జిగురు పొర నిర్మించుకొంటాయి. దీనిని బయోఫిల్మ్ అంటారు. పాచిపట్టిన నీటితొట్టి గోడను తడిమిన వారికి ఆ జిగురు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. యాంటీబయాటిక్ మందు ఈ పొరలోనికి చాలినంతగా చొరబడదు. వాటిని ఎదుర్కొనుటకు వచ్చిన తెల్ల రక్తకణాలు విడుదల చేసే ఎంజైములు కొత్తగా పుట్టే కండనే కరిగిస్తాయి. పుండు ఉన్నచోటనే నిలిచిపోతుంది.

కనుక మాత్రల కంటె ముందు చచ్చిన కండను తొలగించి, శుభ్రపరచి, కట్టు కట్టవలెను. పొర ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి పెరగగలదు గావున ఒక్కసారితో పని ముగియదు. పుండు చుట్టూ ఎరుపు, వేడి, వాపు వ్యాపించినా, జ్వరం వచ్చినా యాంటీబయాటిక్ అవసరం. దుకాణంలో కొన్న మాత్రలు రెండు రోజులు మింగి మానుట వలన మందుకు లొంగని క్రిములు మిగిలిపోవచ్చును. పేడ, బూడిద అద్దుట ధనుర్వాతానికి దారితీయవచ్చును.

పాత్రికేయ మిత్రులు గమనింపదగిన అంశం మరొకటి కలదు. కుష్ఠు సోకిన వారి అరికాలి పుండు సాధారణంగా కుష్ఠు క్రిమి నేరుగా చేసినది కాదు. స్పర్శ లేనందున తెలియక తగిలిన గాయంలో ఇతర బ్యాక్టీరియా చేరుటయే కారణం. బహుళ ఔషధ చికిత్స పూర్తయి క్రిమి నశించినా పుండు మిగిలి ఉండవచ్చును. అట్టి వ్యక్తి నుండి కుష్ఠు ఇతరులకు సోకదు. వారికి కావలసినది కాలికి విశ్రాంతి, రోజువారీ కట్టు, జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు.